పాత హార్డ్ డిస్క్‌లోని నియోడిమియం అయస్కాంతాన్ని చెక్కుచెదరకుండా తీయడం ఎలా?

మూలన పడేసిన డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోంచి హార్డ్ డిస్క్‌ను తీసి మూత విప్పితే, ఒక మూలలో ఒకదానిపై ఒకటి అమర్చిన రెండు మందపాటి ఉక్కు పలకలు, వాటి లోపలి వైపు అతికించిన వంపు తిరిగిన వెండిరంగు బిళ్ళలు కనిపిస్తాయి. ఆ బిళ్ళలు నియోడిమియం అయస్కాంతాలు. 3.5 అంగుళాల డిస్కులో అవి రెండూ కలిపి సాధారణంగా 10 నుంచి 20 గ్రాములు తూగుతాయి. ల్యాప్‌టాప్‌లలో వాడే 2.5 అంగుళాల డిస్కులో రెండు మూడు గ్రాములే ఉంటాయి. ఆ బరువులో దాదాపు 30 శాతం నియోడిమియం, ప్రసియోడిమియం వంటి అరుదైన మృత్తిక లోహాలు, 1 శాతం బోరాన్, మిగిలినది ఇనుము. పత్రికలు రేర్ ఎర్త్ అని రాసే లోహాలు ఇవే. 100 డెస్క్‌టాప్ డిస్కులు ఓపికగా విప్పితే కిలోన్నర అయస్కాంతం, అందులో సుమారు 450 గ్రాముల ఈ లోహాలు చేతికి వస్తాయి.

ఈ పని చేత్తోనే ఎందుకు చేయాలో ముందు చెబుతాను, ఎందుకంటే ఆ కారణం తెలిస్తే తర్వాతి జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. తుక్కు కర్మాగారాల్లో హార్డ్ డిస్కులను సాధారణంగా మొత్తంగా ముక్కలు చేసే యంత్రంలో వేస్తారు. అక్కడ అయస్కాంతం గాజులా పగిలి పొడి పొడి అవుతుంది, కానీ ప్రతి రేణువూ అయస్కాంతంగానే మిగులుతుంది కనుక అది యంత్రం గోడలకూ, పక్కనున్న ఇనుప ముక్కలకూ అంటుకుపోతుంది. ఆ ఇనుము ఉక్కు కొలిమికి వెళుతుంది. ఆక్సిజన్‌తో చాలా త్వరగా కలిసే నియోడిమియం ఆ వేడికి ఆక్సైడుగా మారి చిట్టెంలో కలిసిపోతుంది, అక్కడినుంచి దాన్ని వెనక్కి తీసుకునేవారు లేరు. అరుదైన మృత్తిక లోహాల్లో తిరిగి వాడుకలోకి వచ్చేది 1 శాతం కూడా లేదని 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క తేల్చడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇ-వ్యర్థాల నియమాల కింద కూడా, తయారీ కంపెనీలు రీసైక్లర్ల నుంచి కొనే రీసైక్లింగ్ ధ్రువపత్రాల లెక్కకు మొదట ఎంచుకున్న లోహాలు బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము మాత్రమే. లెక్కలో లేని లోహాన్ని విడిగా తీయడానికి చాలా కర్మాగారాలు మనిషిని కేటాయించవు. అందువల్ల నియోడిమియం దక్కడమో పోవడమో యంత్రం దగ్గర కాదు, అంతకు ముందు స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి దగ్గరే తేలిపోతుంది.

2025 ఏప్రిల్‌లో చైనా సమేరియం, డిస్ప్రోసియం, టెర్బియం వంటి ఏడు లోహాలపై, వాటితో చేసిన అయస్కాంతాలపై ఎగుమతి ఆంక్షలు పెట్టినప్పుడు మన వాహన పరిశ్రమ ఎంత కంగారు పడిందో చూశాం. అదే సంవత్సరం సెప్టెంబరులో కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల రూపాయల పథకాన్నీ, నవంబరులో ఏటా 6,000 టన్నుల అయస్కాంతాలు దేశంలోనే తయారుచేయడానికి 7,280 కోట్ల రూపాయల పథకాన్నీ కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. భీమునిపట్నం తీరపు ఇసుకలో ఈ లోహాలున్న మోనజైట్ అనే ఖనిజం ఉన్నమాట నిజమే. అయితే మోనజైట్‌లో రేడియోధార్మిక థోరియం కూడా ఉంటుంది కాబట్టి దాన్ని తవ్వడం, శుద్ధి చేయడం ప్రభుత్వ నియంత్రణలో జరగవలసిన సుదీర్ఘమైన పని. హార్డ్ డిస్కులో ఉన్నది అలా కాదు. ఆ శుద్ధి అంతా ఎక్కడో ఎవరో ఇదివరకే చేసిపెట్టిన లోహం.

చేతులు, కళ్ళు, పిల్లలు

ఈ అయస్కాంతాల బలాన్ని వాటి పరిమాణం చూసి అంచనా వేయకండి. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, విప్పిన రెండు పలకలను బల్లమీద మూడు వేళ్ళ ఎడంలో పెట్టి స్క్రూల కోసం చెయ్యి చాచాను. ఒక పలక జారి రెండోదాన్ని చేరుకునేటప్పటికి మధ్యలో నా చూపుడువేలి కొన ఉంది. గోరు నల్లబడి, ఊడి, కొత్తది రావడానికి నెలలు పట్టింది. ఆ తాకిడికి ఒక అయస్కాంతం అంచు పగిలి, బియ్యపు గింజంత ముక్క ఎగిరి నా కళ్ళద్దానికి తగిలింది. ఆరోజు కళ్ళద్దం లేకపోతే ఏమయ్యేదో ఇప్పుడు తలచుకున్నా భయమే. కాబట్టి కంటి పక్కలను కూడా కప్పే రక్షణ కళ్ళద్దాలు, మందపాటి తోలు చేతితొడుగులు లేకుండా డిస్కు ముట్టుకోకండి.

గుండెకు పేస్‌మేకర్ వంటి పరికరం అమర్చుకున్నవారు ఈ పని చేయకూడదు, ఈ పని జరిగే గదిలోకి రాకపోవడమే మంచిది. చిన్నపిల్లల విషయంలో ప్రమాదం ఇంకా తీవ్రమైనది. ఒకటికి రెండు ముక్కలు మింగితే అవి పేగుల్లో వేర్వేరు మడతల నుంచి ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో చిక్కిన పేగు గోడను నొక్కి రంధ్రం చేస్తాయి. ఎవరైనా మింగారన్న అనుమానం వచ్చినా, అదే బయటికి వస్తుందిలే అని ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఏటీఎం కార్డులను, చేతిగడియారాన్ని, ఫోన్‌ను పక్క గదిలో పెట్టి రండి.

ఏది విప్పాలి, ఏది విప్పకూడదు

మొదటి పని వస్తువులను ఏరడం. తిరిగే పళ్ళెం ఉన్న హార్డ్ డిస్కులోనే ఈ అయస్కాంతాలు ఉంటాయి. తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీలో ఏమీ ఉండవు, దాన్ని విప్పి ప్రయోజనం లేదు. సీడీ, డీవీడీ డ్రైవుల్లో కటకాన్ని కదిలించే చోట గింజలంత చిన్న ముక్కలు, మొబైల్ ఫోన్ స్పీకర్లలో, ఇయర్‌ఫోన్లలో ఇంకా చిన్నవి దొరుకుతాయి. ఎక్కువ సంఖ్యలో పోగైతే తప్ప వాటిమీద సమయం పెట్టవద్దని నా సలహా. ఎక్కువ సామర్థ్యంగల సర్వర్ డిస్కుల్లో కొన్నిటిని హీలియం వాయువుతో నింపి మూతను వెల్డింగ్ చేస్తారు, వాటికి స్క్రూలు కనిపించవు. వాటిని అలాగే రీసైక్లింగ్ కేంద్రానికి ఇచ్చేయండి. విద్యుత్ స్కూటర్ చక్రంలోని మోటారులో మంచి అయస్కాంతాలే ఉన్నా, దాని రోటార్‌ను, అంటే తిరిగే భాగాన్ని, చేతులతో లాగడం వేళ్ళు పోగొట్టుకునే పని. తగిన పనిముట్లు లేకుండా పూనుకోవద్దు. మైక్రోవేవ్ ఓవెన్‌ను అసలే తెరవకండి. అందులో ఉన్నవి మామూలు ఫెర్రైట్ ఉంగరాలు, వాటికోసం ప్రాణం మీదికి తెచ్చేంత విద్యుత్తు నిలిచివుండే కెపాసిటర్ పక్కన చెయ్యి పెట్టవలసి వస్తుంది.

ఫెర్రైట్‌ను, నియోడిమియంను వేరుచేసి గుర్తించడం కష్టం కాదు. ఫెర్రైట్ నల్లగా, కాల్చిన పెంకులా ఉంటుంది. పాత టీవీల, సౌండ్ బాక్సుల పెద్ద స్పీకర్ల వెనక కనిపించే ఉంగరం అదే. నియోడిమియం అయస్కాంతానికి చాలావరకు నికెల్ పూత ఉండి స్టీలు గిన్నెలా మెరుస్తుంది. అనుమానం తీరకపోతే మల్టీమీటర్ రెండు మొనలను అయస్కాంతం మీద ఆనించి చూడండి: నికెల్ పూత ఉన్నదైతే విద్యుత్తు ప్రవహించి మీటరు కూస్తుంది, ఫెర్రైట్ అయితే మౌనంగా ఉంటుంది. ఇక మూడో జాతి సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు. విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ పెట్టిన కర్మాగారం తయారుచేసేది వాటినే. అవి ఎక్కువ వేడిని తట్టుకోవలసిన రక్షణ, అంతరిక్ష పరికరాలకు వెళతాయి, ఇంటి తుక్కులో మీకు తారసపడే అవకాశం చాలా తక్కువ.

డిస్కు విప్పే ముందు అందులోని సమాచారం సంగతి చూసుకోవాలి. డిస్కు పనిచేస్తూంటే ముందుగా కంప్యూటర్‌కు తగిలించి మొత్తం చెరిపేయండి. లోపలినుంచి తీసిన అయస్కాంతాన్నే పళ్ళెంపై రుద్దితే సమాచారం పోతుందని చాలామంది నమ్ముతారు, దానిమీద ఆధారపడకండి. ఆ అయస్కాంతం ఏళ్ళ తరబడి అదే పళ్ళేనికి ఒకటి రెండు అంగుళాల దూరంలో కూర్చుని కూడా దాన్ని చెరపలేదు కదా.

మూత విప్పడం

ఈ డిస్కుల స్క్రూలకు ఆరు కొనల నక్షత్రపు గాడి ఉంటుంది, దుకాణాల్లో టోర్క్స్ బిట్లని అడగాలి. పెద్ద డిస్కులకు ఎక్కువగా టీ8, టీ9, చిన్నవాటికి టీ5, టీ6 సరిపోతాయి. చవకరకం బిట్లు రెండు డిస్కులకే మొన అరిగి గాడిలో తిరుగుతాయి, కనుక కాస్త ఖరీదైనా గట్టి ఉక్కువి కొనండి. ఇవికాక ఒక బల్లపరుపు మొన స్క్రూడ్రైవర్, రెండు చెక్క చీలికలు, బల్లకు బిగించిన వైస్, ఒక అడ్జస్టబుల్ స్పానర్ కావాలి. బల్లమీద ఇనుప వస్తువులు చెల్లాచెదురుగా ఉండకూడదు.

ముందు డిస్కును బోర్లించి, కింది వైపున్న ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డును విప్పి పక్కన పెట్టండి. రాగి, బంగారం ఉండేది అందులోనే కాబట్టి దాన్ని వేరే డబ్బాలో వేయాలి. తర్వాత మూత స్క్రూలు తీయండి. అన్నీ తీసినా మూత రాకపోతే బలం ఉపయోగించకండి, ఎక్కడో ఒకటి మిగిలివుంటుంది. కంపెనీ పేరున్న లేబుల్ మీద బొటనవేలితో నొక్కుతూ వెళితే ఒకచోట కాగితం మెత్తగా లోపలికి దిగుతుంది. అక్కడ చింపితే దాక్కున్న స్క్రూ బయటపడుతుంది. పళ్ళెం మీది సమాచారాన్ని చదివే చేయి తిరిగే ఇరుసును పట్టివుంచేది చాలా డిస్కుల్లో అదే. మూత అంచున ఉన్న రబ్బరు జిగటగా పట్టుకుని ఉంటుంది, బల్లపరుపు మొనతో చుట్టూ కొద్దికొద్దిగా లేపాలి.

మూత లేవగానే అద్దంలా మెరిసే పళ్ళెం, దానిమీదికి చాచిన సన్నని చేయి, ఆ చేతి వెనుక కొసన రాగి తీగ చుట్ట, ఆ చుట్టను పైనా కిందా కప్పుతూ రెండు ఉక్కు పలకలు కనిపిస్తాయి. తీగలో విద్యుత్తు పారినప్పుడు అయస్కాంతాల మధ్య ఆ చేయి కదలడమే డిస్కు పనిచేసే తీరు. మీ స్క్రూడ్రైవర్ ఆ మూలకు దగ్గరకాగానే చేతిలోంచి లాక్కున్నట్టు అటు వంగుతుంది, పట్టు గట్టిగా ఉంచండి.

పై పలకను కొన్ని డిస్కుల్లో స్క్రూలు పట్టివుంచుతాయి, చాలావాటిలో కింది అయస్కాంతపు ఆకర్షణే పట్టివుంచుతుంది. దాన్ని నిలువుగా పైకి లాగాలని చూడకండి. అంచు కింద బల్లపరుపు మొనను దూర్చి ఒక వైపు కొద్దిగా లేపి, ఆ సందులో చెక్క చీలిక పెట్టి, తర్వాత రెండో వైపు లేపండి. చీలిక ఉన్నంతవరకు పలక మళ్ళీ వేళ్ళమీద మూసుకోదు. పూర్తిగా లేచిన పలకను వెంటనే రెండు అడుగుల దూరంలో చెక్కమీద పెట్టి, ఆ తర్వాతే కింది పలక స్క్రూలకు రండి. కొన్ని డిస్కుల్లో ఒక పలకకే అయస్కాంతం ఉంటుంది, రెండోది ఒట్టి ఉక్కు. అది చూసి ఏదో పోగొట్టుకున్నామని వెతకనవసరం లేదు.

పళ్ళేలను తీసేటప్పుడు ఒక హెచ్చరిక. 3.5 అంగుళాల డిస్కుల్లో అవి ఎక్కువగా అల్యూమినియంతో చేసినవి, వంచినా ఫరవాలేదు. 2.5 అంగుళాల డిస్కుల్లో అవి సాధారణంగా గాజు, వంచితే వందల ముక్కలై చిమ్ముతాయి. వాటిని పగలగొట్టి సమాచారం నాశనం చేయాలంటే మందపాటి గుడ్డ సంచిలో వేసి మూతి కట్టి కొట్టండి.

పళ్ళెం కింది మోటారులో కూడా ఒక సన్నని నల్ల ఉంగరం ఉంటుంది. అదీ నియోడిమియం అయస్కాంతమే, కాకపోతే పొడిని జిగురుతో కలిపి అచ్చుపోసిన రకం. దాన్ని మెరిసే బిళ్ళలతో కలపకండి. జిగురు కలిసిన సరుకును శుద్ధిచేసే పద్ధతి వేరు.

పలక నుంచి వేరుచేయాలా?

ఇక్కడ చాలామంది తొందరపడతారు. రీసైక్లింగ్‌కు ఇవ్వడమే మీ ఉద్దేశమైతే అయస్కాంతాన్ని ఉక్కు పలక మీదే వదిలేయండి. పలక వెనుక వైపున ఆకర్షణను చాలావరకు అణచివుంచుతుంది, అయస్కాంతం పగలకుండా కాపాడుతుంది, పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. కొనేవారు విడి బిళ్ళలే కావాలని అడిగితేనో, మీరే ఏదైనా పనికి వాడుకోదలిస్తేనో వేరుచేయండి.

వేరుచేయడానికి పలక ఒక కొసను వైస్‌లో బిగించండి. వైస్ దవడలకు చెక్క పలకలు అడ్డం పెట్టకపోతే అయస్కాంతం వైస్‌కే అతుక్కుంటుంది. రెండో కొసను స్పానర్‌తో పట్టి, పలక కొనలు అయస్కాంతానికి దూరంగా వంగేలా మెల్లగా వంచండి. ఉక్కు వంగుతుంది, అయస్కాంతం వంగదు, మధ్యలో జిగురు చిటుక్కుమని విడిపోతుంది. ఆ శబ్దం వినగానే ఆపి, చెక్క చీలికతో బిళ్ళను పక్కకు జరుపుతూ పలక అంచు దాటించండి. ఉలి పెట్టి సుత్తితో కొడితే పదింటిలో సగం పగులుతాయి. మంటమీద వేడిచేస్తే జిగురు త్వరగా వదులుతుందన్నది నిజమే కానీ ఈ మామూలు రకం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడతాయి, సుమారు 310 డిగ్రీల దగ్గర అయస్కాంతత్వం పూర్తిగా పోతుంది. కాలిన జిగురు పొగ పీల్చడం ఆరోగ్యానికి మంచిది కాదు.

అయస్కాంతాన్ని కోయడం, రంధ్రం వేయడం, సానపట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. ఆ సన్నని పొడి గాలి తగిలినంత మాత్రానే అంటుకోగలదు. నిప్పు పుడితే నీళ్ళు చల్లకూడదు, పొడి ఇసుక కప్పాలి. అందుకే నేను పనిచేసే బల్ల కింద ఒక బకెట్ ఇసుక ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో యాసిడ్‌లో కరిగించి నియోడిమియం తీయవచ్చని చూపించే వీడియోలను అనుసరించకండి. ఇనుము యాసిడ్‌లో కరిగేటప్పుడు మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది, చివరికి మిగిలిన ద్రవాన్ని పారబోయడానికి చోటు ఉండదు, చేతికి వచ్చేది ఎవరూ కొనని మలినమైన పొడి.

ఏరి, ఆరబెట్టి, పేరు రాసి

తీసినవాటిని అవి వచ్చిన పరికరాన్ని బట్టి వేర్వేరుగా ఉంచడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ కొనేవాడికి అదే ముఖ్యం. హార్డ్ డిస్కు అయస్కాంతం చల్లని చోట పనిచేస్తుంది కాబట్టి అందులో వేడిని తట్టుకోవడానికి కలిపే డిస్ప్రోసియం తక్కువ. వేడెక్కే మోటార్ల అయస్కాంతాల్లో అది ఎక్కువ. కలిపి ఇస్తే మొత్తం సరుకులో ఏముందో తేల్చడానికి మళ్ళీ పరీక్షలు చేయాలి, ధర తగ్గుతుంది.

తడి తగలనివ్వకండి. నికెల్ పూత పగిలిన అయస్కాంతం ఒకటి నా కిటికీ గూట్లో ఒక వానాకాలమంతా ఉండిపోయింది. దసరాకు సర్దుతూ చూస్తే పగిలిన అంచు తుప్పు రంగుకు తిరిగి, వేలితో తాకగానే బూడిదరంగు పొడి రాలింది. పూత బాగున్న మిగతా భాగం మాత్రం కొత్తదానిలా ఉంది. కాకినాడ, విశాఖ వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలికి ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. పగిలిన ముక్కలు పారేయవద్దు, లోహం అందులోనూ ఉంది; మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి విడిగా ఉంచండి. బాగున్న పలకలను ఒక్కోదాని మధ్య చేతివేలంత మందం చెక్క ముక్క పెట్టి చెక్కపెట్టెలో పేర్చండి. పెట్టె మీద ఏ రకం డిస్కులు, ఎన్ని, ఎంత బరువు, ఎప్పుడు విప్పారు అన్నవి రాసి, బలమైన అయస్కాంతాలున్నాయని ఎర్ర అక్షరాలతో హెచ్చరిక అంటించండి. ఇలాంటి పెట్టెలకు విమాన రవాణాలో ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి, రోడ్డు మార్గాన పంపడమే సులభం.

ఎవరికి ఇవ్వాలి

మీ ఇంటి డిస్కును మీరు విప్పుకోవడం వేరు, ఇతరుల ఇ-వ్యర్థాలను పోగుచేసి వ్యాపారంగా విప్పడం వేరు. రెండోదానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు, రాష్ట్ర మండలి అనుమతి కావాలి. సికింద్రాబాద్ సీటీసీ వంటి చోట్ల కంప్యూటర్లు బాగుచేసే దుకాణాల్లో పాడైన డిస్కులు గుట్టలుగా పేరుకుంటాయి; అలాంటివారు నలుగురైదుగురు కలిసి ఒక నమోదైన సంస్థతో ఒప్పందం చేసుకోవడం మేలు. సంస్థను ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: యంత్రంలో వేసే ముందు అయస్కాంతాలను విడిగా తీస్తారా, తీస్తే ఎవరికి పంపుతారు? జవాబు తడబడితే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

విడిగా చేరిన అయస్కాంతాలకు ఏమవుతుందో తెలిస్తే ఈ శ్రమ వృథా కాదని మీకూ అనిపిస్తుంది. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం అభివృద్ధిచేసిన పద్ధతిలో, మూసిన పాత్రలో ఈ అయస్కాంతాలకు హైడ్రోజన్ వాయువు తగిలిస్తారు. రేణువుల సరిహద్దుల్లోని నియోడిమియం ఆ వాయువును పీల్చి ఉబ్బడంతో గట్టి బిళ్ళ దానంతట అదే పొడిగా విచ్చిపోతుంది, పైగా ఆ పొడికి అయస్కాంతత్వం పోతుంది కాబట్టి ఉక్కు పలక, నికెల్ పూత జల్లెడలో సులువుగా వేరవుతాయి. ఆ పొడిని మళ్ళీ అచ్చుపోసి కాలిస్తే కొత్త అయస్కాంతం. యాసిడ్‌లో కరిగించి లోహాలను ఒక్కొక్కటిగా వేరుచేసే పెద్ద మార్గం ఇంకొకటి ఉంది, కలగాపులగమైన సరుకుకు అదే దిక్కు. మొదటి మార్గంలో వెళ్ళాలంటే అయస్కాంతాలు ఒకే రకానివై, శుభ్రంగా ఉండాలి. అది మీ పెట్టె మీద రాసిన నాలుగు మాటల మీద ఆధారపడుతుంది.

వేగం గురించి దిగులు పడకండి. 2010లో జపాన్‌లో హిటాచీ సంస్థ ఇందుకోసం ఒక యంత్రం చేసినప్పుడు, చేత్తో పనిచేసే మనిషి గంటకు సుమారు 12 అయస్కాంతాలు తీయగలిగితే తమ యంత్రం 100 తీస్తుందని చెప్పింది. మొదటిరోజు మీరు గంటకు మూడు డిస్కులు విప్పినా తక్కువేమీ కాదు.

సరుకు అప్పగించే రోజున సంస్థవారి ఎదుటే పెట్టెను తూకం వేయించండి. చాలాచోట్ల అలవాటుగా అన్నిటినీ కలిపి ఇనుప తుక్కు అని రాసేస్తారు, ఆ పేరుతో వెళ్ళిన పెట్టె లోపల ఇనుప కుప్పలోకే చేరుతుంది. అలా రాయనివ్వకండి. నియోడిమియం అయస్కాంతాలు, హార్డ్ డిస్కులవి, ఇన్ని కిలోలు అని విడి పద్దుగా రాయించి, రసీదు తీసుకున్న తర్వాతే పెట్టె వదలండి.